ఉప్పాడకు గట్టి గోడ కడితే చాలదా?

కాకినాడ పక్కనున్న ఉప్పాడలో ఏటా ఇళ్లు సముద్రపు కోతకు పోతున్నాయి కదా, ఒకేసారి గట్టి రాతి గోడ కట్టేస్తే సరిపోదా, లేదంటే ఊరే ఖాళీ చేయించడం మేలు కాదా అని అడిగారు. రెంటికీ నా జవాబు కాదనే. మా అమ్మ పుట్టిల్లు అక్కడే, చిన్నప్పట్నుంచి చూస్తున్నాను.

మామయ్య వాళ్ల వీధికి అవతల ఇంకో వీధి, దానికవతల వలలు ఆరబెట్టుకునేంత ఇసుక ఉండేవి. ఇప్పుడు పెరటి గుమ్మం దిగితే రాళ్లే. తుఫానే రానక్కర్లేదు, అల్పపీడనానికి పౌర్ణమి పోటు తోడైతే చాలు, కెరటం రాళ్ల మీంచి ఎగిరి పెరట్లో పడుతుంది. అలాంటప్పుడు అత్తయ్య బియ్యం బస్తా, ఇంటి కాగితాలున్న ట్రంకు పెట్టె ముందే పక్కింటి మేడ మీదికి చేరవేస్తుంది.

గోడ సంగతికొస్తే, వాలుగా ఉన్న ఇసుక మీద కెరటం పాక్కుంటూ వచ్చి నీరసపడిపోతుంది. రాయికి కొట్టుకున్న కెరటం జోరు పూర్తిగా చావకుండానే వెనక్కి మళ్లి, గోడ మొదట్లో ఉన్న ఇసుకను తోడేస్తుంది. అడుగు ఖాళీ అయ్యాక రాళ్లు దిగబడతాయి. మళ్లీ లారీలు, మళ్లీ రాళ్లు. పదిహేనేళ్ల కిందట జియో ట్యూబులు, అంటే ఇసుక నింపిన గట్టి గుడ్డ గొట్టాలు, వేసినప్పుడు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. తుఫాన్ల దెబ్బకు అవీ చిరిగి చెదిరిపోయాయి. పైగా గోడ ఎక్కడ ఆగితే అక్కణ్నుంచి పక్క ఊరికి కోత మొదలవుతుంది.

అసలు లోటు ఇసుకది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోదావరి మీద ఆనకట్టలు పెరిగి, నది సముద్రానికి తెచ్చే మట్టి, ఇసుక 1990ల నాటికే సగానికి పైగా తగ్గిపోయాయి. వచ్చేదాన్లో కొంత హోప్ ఐలాండ్ దగ్గరే ఆగుతుంది. సుమారు 16 కిలోమీటర్ల ఆ ఇసుక దిబ్బ కాకినాడ పోర్టును కాపాడుతోంది, దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు మాత్రం ఆ అండ లేదు.

అందుకే ఇసుకను తిరిగి ఇచ్చే పని కావాలంటాను. విశాఖలో ఔటర్ హార్బర్ కట్టాక ఆర్కే బీచ్‌కు ఇసుక తగ్గితే, పోర్టు తవ్విన ఇసుకను బీచ్‌లో పోస్తూ వస్తున్నారు. పుదుచ్చేరిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వాళ్లు కెరటాల జోరు తగ్గించడానికి నీళ్లలో మునిగి ఉండే స్టీలు గట్టు (రీఫ్) దింపి, ఇసుక కూడా పోశాక, రాళ్లే మిగిలిన చోట మళ్లీ బీచ్ వచ్చింది. ఉప్పాడ కెరటాల జోరు వేరు కాబట్టి అదే నమూనా దించేస్తే కుదరదు, ఇక్కడి లెక్కలు ఇక్కడే తీయాలి. అప్పటిదాకా ఇళ్ల ముందు రాళ్లు వేయొద్దని నేననను. అత్తయ్య ఇల్లు ఈ వానాకాలం నిలబడాలి కదా.

ఖాళీ చేయించడం అంటారా, సముద్రం ఒడ్డు వరస ఇళ్లవాళ్లకు వేరే చోటు ఇవ్వాల్సిందే. కానీ ఊరికి దూరంగా కాలనీ కట్టి తాళాలిస్తే ఎవరూ వెళ్లరు. తెల్లవారుజామున వేటకు పోయే మనిషికి బోటు, ఇంజను, వల కళ్ల ముందుండాలి. నడిచి వెళ్లేంత దూరంలో, ఇంటి ఆడవాళ్ల పేరు మీద పట్టాతో ఇస్తే మామయ్య కూడా ఒప్పుకుంటానంటున్నాడు.

మీ ఊళ్లో గ్రామసభ పెడితే గోడ ఎత్తు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఐదో ఏడాది రాళ్లు దిగబడితే బాగుచేసే డబ్బు ఏ పద్దులో ఉంది, గోడ చివర ఉన్న పక్క ఊరికి ఏం చేస్తారు, బోట్లు ఒడ్డుకు ఎక్కించుకునే దారి ఎక్కడ వదులుతారు, ఇవి రాతపూర్వకంగా అడగండి.