నీళ్లలో లేజర్‌తో దూరం కొలవడం: మా బావిలో తగిలిన దెబ్బ

వరంగల్‌లో బీటెక్ చదువుతున్నానని, నీళ్లలో తిరిగే రోబోకి ఆన్‌లైన్‌లో దొరికే లేజర్ డిస్టెన్స్ మాడ్యూల్ సరిపోతుందా అని, యాక్సిలరేటర్ (ఎలక్ట్రాన్ల లాంటి కణాలను విపరీతమైన వేగంతో పరుగెత్తించే యంత్రం) ఆటోమేషన్ అనుభవం ఇందులో పనికొస్తుందా అని మీరు అడిగారు. రెండు పనులూ చేశాను కాబట్టి చెప్తున్నా.

ఆ మాడ్యూల్ కొనకండి. వాటిలో చాలావరకు 905 లేదా 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ వాడతారు. ఆ వెలుగును నీళ్లు తాగేస్తాయి. పైగా నీళ్లు చొరకుండా మాడ్యూల్‌ను ఉంచే పెట్టె అద్దానికి తగిలి వెనక్కొచ్చిన వెలుగునే అది గోడ అనుకుంటుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్, ఒక మామూలు కెమెరా తీసుకుని 20 సెంటీమీటర్ల ఎడంతో ఒకే వైపు చూసేలా బిగించండి. గోడ దగ్గరయ్యే కొద్దీ ఫొటోలో చుక్క పక్కకు జరుగుతుంది, దూరమయ్యే కొద్దీ మధ్యకు వస్తుంది. దాన్నిబట్టి దూరం లెక్కగట్టొచ్చు. లేజర్ 5 మిల్లీవాట్లు దాటొద్దు, కళ్లు జాగ్రత్త.

నేను ఇంట్లో గాలిలోనే క్యాలిబ్రేట్ చేసి (తెలిసిన దూరాలతో కొలతను సరిచూసి), నర్సంపేట దగ్గర మా మేనమామ వాళ్ల వ్యవసాయ బావిలో దించాను. సరిగ్గా మీటరు దూరంలో వేలాడదీసిన పలకను 75 సెంటీమీటర్లని చూపించింది. నీటి వక్రీభవన గుణకం 1.33 కదా, చదునైన అద్దంలోంచి చూస్తే ప్రతిదీ ముప్పావు దూరంలోనే కనిపిస్తుంది. అందుకని నీళ్లలోనే క్యాలిబ్రేట్ చేయండి.

అసలు దెబ్బ వానలు పడ్డాక తగిలింది. బావి నీళ్లు ఎర్రబారాయి. లేజర్ చుక్కలా కాకుండా, పొగలో టార్చి వేసినట్టు పొడుగాటి చారలా కనిపించింది. ప్రోగ్రామ్‌కు చుక్క దొరకలేదు. స్క్రీన్ మీద మాత్రం 1.2 మీటర్లు అని అలాగే ఉంది, ఎందుకంటే చివరి రీడింగ్‌నే మోటార్లకు పంపుతూ పోయేలా రాశాను. రోబో నేరుగా వెళ్లి రాతికట్టును గుద్దింది. మామ తాడు పట్టి పైకి లాగుతుంటే పగిలిన అద్దంలోంచి ఎర్రనీళ్లు కారడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నాకు ఎక్కువ బాధనిపించింది ఎందుకంటే, ఉద్యోగంలో రోజూ చూసే విషయమే ఇది. ఇండోర్‌లోని ఇండస్-2 అనే ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ రింగు చుట్టుకొలత దాదాపు 172 మీటర్లు. ఎలక్ట్రాన్లు అందులో సెకనుకు 17 లక్షలకు పైగా చుట్లు కొడతాయి. ఇలాంటి యంత్రాల్లో మనిషి చూసి ఆపేంత టైమ్ ఉండదు. అందుకే చాలా యాక్సిలరేటర్లలో వాడే ఎపిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రీడింగ్ వెంట అది ఎప్పటిది, నమ్మొచ్చా లేదా అన్నదీ వస్తుంది. ఇంటర్‌లాక్ (అంతా సురక్షితమేనని చెప్పే భద్రతా ఏర్పాటు) సిగ్నల్ రాకపోతే బీమ్, అంటే ఆ కణాల ధార, ఆగిపోవాల్సిందే.

ఇప్పుడు రోబోలోనూ అదే పెట్టాను. లేజర్ వెలిగించి ఒక ఫ్రేమ్, ఆర్పి ఒక ఫ్రేమ్ తీసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తాను. ఎండ వెలుగు పోయి చుక్క మిగులుతుంది. అది గుండ్రంగా లేకపోయినా, రీడింగ్ 200 మిల్లీసెకన్ల కన్నా పాతదైనా మోటార్లు ఆగుతాయి. బురదనీళ్లలో దూరం ఇది ఇప్పటికీ కొలవలేకపోతోంది, దానికి శబ్దంతో దూరం కొలిచే సోనార్ కావాలి. కానీ గోడను గుద్దడం లేదు.

మీ కెమెరా ఏదో, పెట్టె అద్దం చదునుగా ఉందో గుండ్రంగా ఉందో చెప్పండి. లెక్క కలిసి వేద్దాం.