పూల చిత్రంలో ఆకులు నీలంగా ఎందుకున్నాయి?

డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హౌసమ్ వేసిన పూల చిత్రం ప్రింటులో కొన్ని ఆకులు నీలంగా ఉన్నాయి, అది దుఃఖానికి గుర్తా, ఆ ఈగలూ రాలిన రేకులూ దేనికి అని అడిగారు. నీలం సంగతి నాకు తెలిసింది మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో.

మాది తిరుపతి, అమ్మమ్మ వాళ్లది శ్రీకాళహస్తి. ఆవిడ దాచుకున్న పాత కలంకారీ గుడ్డ మీద చెట్టు నిండా నీలి ఆకులే. దేవలోకపు చెట్టు కాబోలు అనుకునేదాన్ని. సెలవుల్లో కలం పట్టడం నేర్చుకుంటున్నప్పుడు ఆ గుడ్డ తీసుకెళ్తే, నేర్పే పెద్దాయన అంచు కుట్టు కొంచెం విప్పి చూపించారు. ఎండ తగలని ఆ మడతలో ఆకు చివర పచ్చగానే ఉంది! నీలి మీద కరక్కాయ పువ్వు పసుపు వేస్తే ఆకుపచ్చ వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపు వెలిసిపోతుంది, నీలి మిగులుతుంది.

డచ్ చిత్రకారులూ అంతే. మొక్కల నుంచి తీసిన పసుపు రంగును నీలం మీద పలచగా పూసేవారు. వెలుతురుకు ఆ పసుపు పోయింది. కాబట్టి మీ ప్రింటులో నీలానికి అర్థం వెతక్కండి. ఆయన వేసిన రోజు అవి పచ్చటి ఆకులే.

ఈగలకూ రాలిన రేకులకూ మాత్రం అర్థం ఉంది. 17వ శతాబ్దపు హాలండ్‌లో అవి ఆయుష్షు ఎంత కొద్దిదో గుర్తుచేసే సంకేతాలు. వాన్ హౌసమ్ ఆ తర్వాతి తరం వాడు (1682–1749). ఆయన దగ్గర ఉపదేశం కన్నా చేతి పనితనమే ఎక్కువ అని నా అభిప్రాయం. వాడిన పువ్వంటే మనకు నిర్మాల్యం గుర్తొస్తుంది, కానీ ఆ భావాన్ని ఈ బొమ్మ మీద రుద్దకూడదు.

ఇంకొకటి, ఆ పూలన్నీ ఒకే రోజు ఒకే కుండీలో ఉన్నవి కావు. తులిప్ వసంతంలో పూస్తుంది, కొన్ని నడి వేసవిలో. నేనొకసారి మార్కెట్ నుంచి మల్లెమొగ్గలు, చామంతులు తెచ్చి పెట్టుకుని బొమ్మ మొదలుపెట్టాను. సాయంత్రానికి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి, తెల్లారేసరికి అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఏడుపొచ్చింది. వాన్ హౌసమ్ మాత్రం తనకు కావలసిన పువ్వు మళ్లీ పూసేదాకా ఆగేవాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఒక చిత్రం మీద 1736, 1737 అని రెండేళ్లూ వేశాడు. పసుపు గులాబీ దొరక్క ఒక బొమ్మ పూర్తికాలేదని ఉత్తరం కూడా రాశాడు.

మీ ప్రింటు పెద్దదైతే ఆకు మీద నీటిబొట్టు వెతకండి. అందులో నీళ్ల రంగేమీ ఉండదు, ఆకు రంగే ఉంటుంది. వెలుతురు వచ్చే వైపు కాస్త ముదురు, అవతలి వైపు లేత, ముదురు మీద సూదిమొనంత తెల్ల చుక్క, కింద సన్నటి నీడ. ఆ నాలుగూ కుదిరేసరికి నాకు ఒక నోటుపుస్తకం అయిపోయింది.