విశ్రాంతి కాదు, చల్లారడం

అబ్బాయీ,

నీ వ్యాసం రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. "ఎమ్మారై అయస్కాంతంలో ప్రోటాన్లు విశ్రాంతి తీసుకుంటాయి, క్యాన్సర్ కణితిలో ఇంకా ఎక్కువసేపు తీసుకుంటాయి" అన్నావు. అవేమైనా భోంచేసి కునుకు తీస్తున్నాయా? రిలాక్సేషన్ అన్న మాటను నిఘంటువులో వెతికి ఊరుకున్నావు.

నాదొక చాదస్తం. సైన్సు రాసేవాడికి నామవాచకాల సంగతి తర్వాత, ముందు క్రియ దొరకాలి. రేడియో తరంగం తగిలి నీటిలోని ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, శక్తి పుచ్చుకుంటాయి. తరంగం ఆగాక ఆ శక్తిని చుట్టుపక్కలకు వదిలేసి మొదటి స్థితికొస్తాయి. దీనికి వంటింట్లోనే మాటుంది: చల్లారడం. పళ్ళెంలో పరిచిన అన్నం త్వరగా చల్లారుతుంది, గిన్నెలో ముద్దగా ఉన్నది ఓ పట్టాన చల్లారదు. ప్రోటీన్లను అంటిపెట్టుకున్న నీరు పళ్ళెంలో అన్నం. కణితిలో నీరు ఎక్కువ, దాన్ని పట్టి ఉంచేది తక్కువ. అందుకే ఆలస్యం.

1984లో ఈ మాటే రాసి ఒక వారపత్రికకిస్తే, సంపాదకుడు 'చల్లారడం' కొట్టేసి 'శైథిల్య కాలం' అని పెట్టాడు. హుందాగా ఉంటుందట! మా ఆవిడ చదివి, "ఏం శిథిలమైందండీ, ఎముకలా?" అంది. పాఠకులకు పడవని, చల్లారడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకెలూ తీసేశాడు. నువ్వు ఎవరూ అడక్కుండానే తీసేశావు. అమెరికన్ వైద్యుడు రేమండ్ డమాడియన్ 1971లో 'సైన్స్' పత్రికలో అచ్చేసింది ఆ అంకెలనేగా! ఎలుక మామూలు కాలేయం చల్లారడానికి 0.293 సెకన్లు, ఎలుకల్లో వచ్చే నోవికాఫ్ అనే కాలేయ కణితికి 0.826. రెండూ పక్కపక్కన పెట్టు, నీ 'మహాద్భుతం' దానంతటదే రాలిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడుకే దాదాపు 0.6 ఉంటే, ఆలస్యమైందల్లా క్యాన్సరెలా అవుతుంది? వాపున్నచోటా నీరు చేరి ఆలస్యం చేస్తుంది. "ఇట్టే పట్టేస్తుంది" అన్న వాక్యం తీసెయ్.

2003లో ఎమ్మారైకి నోబెల్ లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు దక్కితే, తనను వదిలేశారని డమాడియన్ పత్రికల్లో పేజీ పేజీ ప్రకటనలిచ్చి పోట్లాడాడు. నిజమే. కానీ దానికి నీ వ్యాసంలో మూడు పేజీలెందుకు?

ఎక్కడికి పంపాలో అడిగావు. అది తర్వాత చూద్దాం. స్కానింగ్ నుంచి బయటికొచ్చి మీ అమ్మ "లోపల ఎవరో తలుపు బాదుతున్నార్రా" అన్న చోటు మాత్రం ముట్టుకోకు. అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టాను. ఆవిడకిప్పుడెలా ఉంది?

రెండో పేజీ తిరగరాసి పంపు. కాగితం మీదే పంపు, ఫోన్లో నాకు అక్షరాలు ఆనడం లేదు.