కోవిడ్ కాలంలో ఇంగ్లండ్‌లో జీపీ (కుటుంబ వైద్యుడు) రోగిని చూడనని చెప్పవచ్చా?

2020 ఏప్రిల్‌లో విమానాలు ఆగిపోయి మీ ఇంట్లోనే ఉండిపోయిన నాన్నగారిని, కోవిడ్ పేరు చెప్పి జీపీ సర్జరీ (అక్కడ క్లినిక్‌ని అలా అంటారు) చేర్చుకోలేదని, కాంట్రాక్టు ప్రకారం అది చెల్లుతుందా అని అడిగారు. చెల్లదు. అప్పట్లో నేను ఇంగ్లండ్‌లోనే ఒక సర్జరీలో పార్ట్‌నర్‌ని. అలాంటి కాంట్రాక్టు మీద నా సంతకం కూడా ఉంది.

జీపీ పార్ట్‌నర్లు ప్రభుత్వ ఉద్యోగులు కారు, ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం చేసుకున్న స్వతంత్ర కాంట్రాక్టర్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 వరకు వైద్యం అందించే పూచీ మాది. జబ్బు చేసినవారినే కాదు, జబ్బు చేసిందని అనుకుంటున్నవారిని కూడా చూడాలని అందులో ఉంది. ఊరు చూడటానికి వచ్చినవారు 24 గంటలకు మించి, 3 నెలల లోపు ఉంటే తాత్కాలిక రోగిగా (టెంపరరీ రెసిడెంట్) నమోదు చేయవచ్చు. వీసా అడ్డు కాదు. కాదంటే సరైన కారణం 14 రోజుల్లో కాగితం మీద చెప్పాలి. అలా కాదన్నా, తక్షణం అవసరమైన వైద్యాన్ని 14 రోజుల వరకు ఇచ్చి తీరాలి.

ఆ మార్చిలో ఎన్‌హెచ్‌ఎస్ మార్చినది చూసే పద్ధతిని: ముందు ఫోను, అవసరమైతేనే ముఖాముఖి. ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది డాక్టరు సహేతుకంగా తేల్చుకోవాలి. చూడటమే మానేయమని ఎవరూ చెప్పలేదు. డాక్టర్లను నియంత్రించే అక్కడి మెడికల్ కౌన్సిల్ నియమం ఇంకా స్పష్టం: రోగి వల్ల తనకు ప్రమాదం ఉందని వైద్యం నిరాకరించకూడదు, ఆ ప్రమాదాన్ని తగ్గించుకునే దారి వెతకాలి. భయం లేదని అనను. మార్చి 25న ఎసెక్స్‌లో డాక్టర్ హబీబ్ జైదీ అనే జీపీ చనిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోడలి పురుడుకని గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గుర్తుంది. తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోతాయని సగానికి విరిచి వేసుకుంటున్నారు. వీడియోలో ఆ సగం ముక్కలున్న డబ్బా చూపించారు. ఫోనులోనే నమోదు చేసి మందులు పంపాం. రెండు వారాలకు ఆయాసం మొదలైంది. పల్చటి ప్లాస్టిక్ ఏప్రాన్ గాలికి మొహం మీదికి ఎగురుతుంటే వాళ్ల గుమ్మం ఎక్కాను. గోరింటాకు ఇంకా పోని వేలికి ఆక్సిమీటర్ పెడితే ఆక్సిజన్ 88 శాతమే చూపించింది. అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ నా చేయి వదల్లేదు. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్లారు.

మీకు ఎదురైనది తప్పే. రిసెప్షన్‌లో ఉన్నవారికి ఈ నిబంధన తెలియకపోవడం చాలాసార్లు చూశాను, కానీ తెలియజెప్పాల్సింది డాక్టర్లే. ఈసారి ఎవరైనా వస్తే “టెంపరరీ రెసిడెంట్‌గా నమోదు చేయండి” అని అదే మాటతో అడగండి. కాదంటే కారణం రాసి ఇమ్మనండి.