వాట్సాప్ బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి

నమస్కారమండీ. వాట్సాప్ సందేశాలు ఎన్‌క్రిప్ట్ అవుతున్నప్పుడు, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారుతున్నప్పుడు, గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్ (దాచిన నకలు) కూడా భద్రమేనా అని అడిగారు. మీ అనుమానం సరైనదే. 2016 నుండి సందేశాలు పంపినవారి ఫోన్‌లో ఎన్‌క్రిప్ట్ అయి, అందుకున్నవారి ఫోన్‌లోనే తెరుచుకుంటున్నాయి గానీ, ఆ రక్షణ బ్యాకప్‌కు దానంతటది వర్తించదు. అందుకోసం 2021లో వచ్చిన సదుపాయాన్ని మీరే ఆన్ చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను ఎంచుకుని, పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకోండి. దాన్ని కాగితంపై రాసి భద్రపరచమని మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే ఫోన్ పోయి, అదీ మరచిపోతే, ఆ బ్యాకప్‌ను వాట్సాప్ సంస్థ సైతం తెరవలేదు. అవతలివారు కూడా ఇలాగే చేయకపోతే, మీ సంభాషణ నకలు వారి బ్యాకప్‌లో ఈ రక్షణ లేకుండానే ఉండిపోతుంది కనుక, వారికీ తప్పక చెప్పండి.