రెండు లెక్కలూ నిజమే, తేడా సరిహద్దులో ఉంది

సెమినార్ కోసం చదువుతుంటే ఒకచోట బల్గేరియా 48 వేల మంది యూదులను కాపాడిందని, ఇంకోచోట 11 వేల మందిని ట్రెబ్లింకాకు (పోలండ్‌లో నాజీల హత్యా శిబిరం) పంపిందని కనిపించి ఏది నమ్మాలో తెలియట్లేదన్నారు కదా, టెన్షన్ పడకండి, రెండూ నిజమే.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో జర్మనీ పక్షాన చేరాక యుగోస్లావియా, గ్రీసుల నుంచి మాసిడోనియా, థ్రేస్, పిరోట్ ప్రాంతాలు బల్గేరియా చేతికొచ్చాయి. అక్కడి యూదులకు పౌరసత్వం ఇవ్వలేదు. 1943 మార్చిలో వాళ్లనే పట్టుకుని జర్మన్లకు అప్పగించారు. ఆ 11 వేల పైచిలుకు మంది వీళ్లే, దాదాపు ఎవరూ బతకలేదు.

పాత సరిహద్దుల లోపలివాళ్లనూ, అంటే ఆ 48 వేల మందినీ, పంపడానికి ఏర్పాట్లు జరుగుతుంటే క్యూస్తెండిల్ అనే ఊరి నుంచి కొందరు రాజధాని సోఫియాకు పరుగెత్తుకొచ్చి పార్లమెంటు ఉపసభాపతి దిమితర్ పెషెవ్‌కు చెప్పారు. ఆయన పాలకపక్షం మనిషే, అంతకుముందు యూదు వ్యతిరేక చట్టానికి అడ్డు చెప్పనివాడే, అయినా మార్చి 9న హోంమంత్రి మీద ఒత్తిడి తెచ్చి ఆపించాడు, తర్వాత తనతో కలిపి 43 మంది సభ్యుల సంతకాలతో ప్రధానికి నిరసన లేఖ ఇచ్చాడు. పదవి ఊడింది. చర్చి పెద్దలు స్తెఫాన్, కిరిల్ కూడా గట్టిగా నిలబడ్డారు. మే నెలలో సోఫియా యూదులను ఊళ్లకు తరిమేశారు గానీ దేశం దాటించలేదు.

రాజు బోరిస్ పాత్ర మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కాబట్టి "రాజే కాపాడాడు" అని స్లైడ్‌లో పెట్టకండి. దానికి బదులు 1941కి ముందు, తర్వాత సరిహద్దులు చూపే మ్యాప్ ఒకటి పెడితే సగం ప్రశ్నలు రావు.