జీవితచరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జర్మన్ నాయకుడు విల్‌హెల్మ్ కైజెన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1887లో హాంబర్గ్‌లో పుట్టడం, 1928లో రేవు నగరం బ్రెమెన్‌లో సంక్షేమ శాఖ చేపట్టడం, 1945 నుంచి 1965 దాకా మేయర్‌గా ఉండడం, అన్నీ ఉన్నాయి. మనిషి మాత్రం కనబడలేదు. పదవులు వరసగా చెప్పుకుంటూ పోతే అది బయోడేటా అవుతుంది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే ఆగి చూడు. 1933లో నాజీలు రాగానే పదవి పోయింది. ఊరి చివర బోర్గ్‌ఫెల్డ్‌లో కాస్త నేల చూసుకుని, భార్య హెలెనెతో కలిసి సాగు చేసుకుంటూ యుద్ధం అయ్యేదాకా గడిపాడు. 1945లో అమెరికన్ అధికారులు వెతుక్కుంటూ వచ్చేసరికి పొలం పనిలో ఉన్నాడు. మేయర్ అయ్యాక కూడా ఆ ఇల్లు వదల్లేదు. ఇది రాస్తే ‘నిరాడంబరుడు’ అన్న మాటతో పనిలేదు, కొట్టెయ్.

మేయర్ అనగానే మనవాళ్ళకి కార్పొరేషన్ గుర్తొస్తుంది. అక్కడ ఆయన ముఖ్యమంత్రి లెక్క. యుద్ధంలో గెలిచిన దేశాలు జర్మనీని పంచుకున్నప్పుడు చుట్టూ ఉన్నది బ్రిటిష్ జోన్ అయినా, అమెరికా సైన్యానికి రేవు కావాలి కాబట్టి బ్రెమెన్‌ను తన చేతిలో ఉంచుకుంది. 1947లో అది విడిగా రాష్ట్రమైంది. రెండు ముక్కల్లో చెప్పెయ్.

అసలు విషయం 1955 ఎన్నికలు. బ్రెమెన్ శాసనసభ 100 సీట్లలో 52 కైజెన్ పార్టీ సోషల్ డెమోక్రాట్లవే. ఒంటరిగా ఏలొచ్చు, అడిగేవాడు లేడు. అయినా ప్రత్యర్థి పార్టీలైన క్రిస్టియన్ డెమోక్రాట్లనీ, ఫ్రీ డెమోక్రాట్లనీ ప్రభుత్వంలోనే ఉంచుకున్నాడు. కూలిపోయిన రేవు మళ్ళీ నిలబడాలంటే కార్మికులూ వ్యాపారులూ కలిసి పనిచెయ్యాలని ఆయన నమ్మకం. గెలిచినవాడు అధికారం పంచుకోవడం నేను చాలా అరుదుగా చూశాను. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే కావాలి, కనీసం రెండు పేజీలు.

ఇంకొకటి. యూరప్ దేశాల సహకార సంస్థ యూరప్ కౌన్సిల్‌లో పశ్చిమ జర్మనీ చేరాలని కైజెన్, వద్దని పార్టీ అధినేత కుర్ట్ షుమాఖర్. ఆ తగాదాలో 1950లో కైజెన్‌కి పార్టీ కార్యవర్గంలో చోటు పోయింది. నువ్వు షుమాఖర్‌ని మొండివాడిగా చూపించావు. అది అన్యాయం. అప్పట్లో ఫ్రాన్స్ అదుపులో ఉన్న సరిహద్దు ప్రాంతం సార్‌లాండ్‌ని ఆ కౌన్సిల్‌లో విడి సభ్యురాలిగా చేర్చుకుంటే అది జర్మనీ చెయ్యి దాటిపోతుందని ఆయన భయం. నాజీ క్యాంపుల్లో ఏళ్ళకేళ్ళు మగ్గి వచ్చినవాడు. ఆయన వాదన కూడా అంతే బలంగా రాసి, వచ్చే నెలలోగా పంపు.

నీ అన్న